"అర్థమైందా?" అని 31 సార్లు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది హన్మకొండ. ఒక ప్రైవేటు హైస్కూల్లో 14 ఏళ్లు లెక్కలు చెప్పాను. అత్తయ్యకు పక్షవాతం రావడంతో రెండేళ్ల కింద ఉద్యోగం మానేశాను. ఇప్పుడు ఇంట్లో నుంచే ఎనిమిదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో చెప్పే పని దొరికింది. కాకపోతే ముందు 10 వారాల ప్రాక్టికమ్ (క్లాసులు చెబుతూ నేర్చుకునే శిక్షణ) పూర్తి చేయాలన్నారు. రెండు వారాలు వేరేవాళ్ల క్లాసులు చూడాలి, మూడు వారాలు మెంటర్‌తో కలిసి చెప్పాలి, చివరి ఐదు వారాలు నేను చెబుతుంటే మెంటర్ చూస్తారు. నా మెంటర్‌కు 26 ఏళ్లు. ఎనిమిదో వారం క్లాసయ్యాక ఆమె రిపోర్టు పంపింది. 45 నిమిషాల్లో పిల్లల గొంతు వినిపించింది 4 నిమిషాలు కూడా లేదట. నేను "అర్థమైందా?" అని 31 సార్లు అడిగానట. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లు చెప్పినదాన్ని, ఇప్పుడు ఒక చిన్నపిల్ల నాకు మార్కులు వేయడమా? ఇంకా రెండు క్లాసులు, ఒక రికార్డింగు, ఇంగ్లీషులో 1,500 పదాల రిఫ్లెక్షన్ (నా క్లాసుల గురించి నేనే రాయాల్సిన వ్యాసం) మిగిలాయి. మానేద్దామనిపిస్తోంది. మీరేమంటారు? (పేరు వేయకండి)

జవాబు: 31 అన్న అంకె చూసి నవ్వొచ్చిందమ్మా, ఏమీ అనుకోకండి. నాది 40 సార్లు దాటింది. నా మాట "ఆఁ, సరేనా?". అసలు అంటున్నానన్న సంగతే నాకు తెలీదు. రికార్డింగు విని, మా ఆయన్ని పిలిచి "నేను ఇంట్లో కూడా ఇలాగే అంటానా?" అని అడిగాను. ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే "పెళ్లయినప్పటి నుంచి" అన్నారు.

తెనాలి చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 33 ఏళ్లు తెలుగు చెప్పి 2019లో రిటైరయ్యాను. మరుసటి ఏడాది లాక్‌డౌన్. అమెరికాలో ఉన్న మన పిల్లలకు తెలుగు చెప్పేవాళ్లు కావాలంటే ఉత్సాహంగా పేరిచ్చాను. వాళ్లూ మీ వాళ్లలాగే ముందు ప్రాక్టికమ్ అన్నారు. నా మెంటర్ మా చిన్నమ్మాయి కంటే రెండేళ్లు చిన్న. నన్ను ఆంటీ అనాలా మేడమ్ అనాలా అని ఆమెకు ఇబ్బంది, ఆమెను నువ్వు అనాలా మీరు అనాలా అని నాకు ఇబ్బంది. చివరికి ఇద్దరం 'మీరు' దగ్గర రాజీ పడ్డాం. కాబట్టి మీ బాధ నాకు తెలియనిది కాదు. నేను కూడా మూడో వారంలో మానేస్తానని ఉత్తరం రాసి, పంపకుండా దాచుకున్నాను.

మానేయకండి. ఎందుకు వద్దంటున్నానో చెబుతాను.

ఆ 14 ఏళ్లూ మిమ్మల్ని రోజూ ఒకరు దిద్దుతూనే ఉన్నారు. హెడ్మాస్టరు కాదు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు కాదు. పిల్లల మొహాలు. బోర్డు వైపు తిరిగి సమీకరణం రాసి ఇటు తిరగ్గానే మూడో బెంచీలో ఒకడి కనుబొమలు ముడిపడి ఉంటాయి. మీరు తెలియకుండానే ఒక మెట్టు వెనక్కి వెళ్లి మళ్లీ చెబుతారు. చివరి బెంచీలో గుసగుస మొదలైతే గొంతు పెంచుతారు. ఇదంతా మీరు అనుకుని చేసింది కాదు, వాళ్లు చేయించింది. ఆన్‌లైన్‌లో ఆ మొహాలు పోయాయి. ఇరవై నల్ల డబ్బాలు, వాటిలో తెల్ల అక్షరాలతో పేర్లు. ఒక్కోచోట నాన్న పేరు, ఒక్కోచోట ఫోన్ మోడల్ పేరు. వాళ్లకు బోధపడిందో లేదో చెప్పే మనిషి లేదు. ఆ లోటులో కూర్చోబెట్టిన మనిషే మీ మెంటర్. ఆమెకు 26 ఏళ్లయినా 62 ఏళ్లయినా ఆమె చేస్తున్నది మూడో బెంచీ కుర్రాడి పని. వాడి వయసు 13. వాడి మీద మీకెప్పుడూ కోపం రాలేదు కదా.

ఇక ఆ "అర్థమైందా?" సంగతి. బడిలో అది ప్రశ్న కాదు, పాటలో తాళం లాంటిది. మనం "అర్థమైందా?" అంటాం, వాళ్లు "అయ్యింది టీచర్" అని రాగం తీస్తారు, పాఠం ముందుకు నడుస్తుంది. ఆ రాగంలోనే ఎంతమందికి అర్థమైందో మన చెవికి తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో అందరూ మ్యూట్‌లో ఉంటారు. మీరు అడుగుతారు, నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని 'అయ్యింది' అని రాసుకుని ముందుకు పోతారు. 31 సార్లు అడిగితే 31 సార్లూ ఇదే జరిగింది. ఆ పిల్లలు వినలేదనడం లేదు. విన్నారో లేదో మీకు తెలిసే దారి లేదంటున్నాను.

మీ సబ్జెక్టులోనే ఒక ఉదాహరణ చూడండి (మా మనవడి దగ్గర నేర్చుకున్న లెక్క, తప్పుంటే దిద్దండి). 3ఎక్స్ − 5 = 10 ఇచ్చారనుకుందాం. 5ని అవతలికి తీసుకెళ్తే 3ఎక్స్ = 15. ఇక్కడ చాలామంది 3ని కూడా అలాగే అటు పంపి, 15లోంచి 3 తీసేసి ఎక్స్ = 12 అంటారు. బోర్డు దగ్గరికి పిలిస్తే ఈ తప్పు కళ్లముందు దొరుకుతుంది. "అర్థమైందా?" అని అడిగితే ఎప్పటికీ దొరకదు, ఎందుకంటే 12 రాసినవాడికి పూర్తిగా అర్థమైంది, వాడి లెక్కలో. కాబట్టి "చాట్‌లో ఎక్స్ విలువ రాయండి, నేను చెప్పేదాకా ఎవ్వరూ ఎంటర్ నొక్కొద్దు" అనండి. ఒక నిమిషం ఆగి "ఇప్పుడు నొక్కండి" అనండి. 5లు, 12లు అన్నీ ఒకేసారి జలజలా రాలతాయి. ముందు రాసినవాడిది చూసి మిగతావాళ్లు కాపీ కొట్టే వీలుండదు. పక్కపక్కనే ఆరు 12లు కనిపిస్తే మీకు ఏం చెప్పాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఫోన్‌లో తెలుగు టైపు చేయలేని పిల్లలకైతే నోట్‌బుక్‌లో రాసి కెమెరా ముందు పెట్టమనండి.

అడిగాక ఆగాలి. ఇది చెప్పడం తేలిక, చేయడం ప్రాణాంతకం. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లోనే క్లాసుల టేపులు విని తేల్చింది: టీచరు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను ఆగి, ఆపైన తనే మాట్లాడేస్తుంది. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయి, ఎప్పుడూ నోరెత్తనివాళ్లు కూడా మాట్లాడతారు. అది నాలుగు గోడల మధ్య లెక్క. ఆన్‌లైన్‌లో మీ మాట వాళ్లను చేరడానికి కొంత, వాళ్లు మ్యూట్ బటన్ వెతుక్కోవడానికి కొంత, "నేను చెప్పనా, వాడు చెబుతాడా" అన్న తటపటాయింపుకి ఇంకొంత పడుతుంది. మూడు చాలదు. నేనేం చేస్తానంటే, ప్రశ్న అడిగి నోరు మూసుకుని మనసులో క ఖ గ ఘ ఙ, చ ఛ జ ఝ ఞ అనుకుంటాను. రెండు వర్గాలూ పూర్తయ్యేలోగా ఎవరో ఒకరి మైకు తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే టవర్గం కూడా ఉంది. మొదటిసారి ఙ దగ్గరే నాకు చెమటలు పట్టాయి. మీరు లెక్కల టీచరు కాబట్టి ఏడో ఎక్కం అనుకోండి.

నేను చేసిన ఘనకార్యాలు కూడా చెబితే మీకు కాస్త ధైర్యం వస్తుందేమో.

మొదటి వారం గుణింతం. బడిలో 33 ఏళ్లు చేయించినట్టే "అందరూ నాతో అనండి, క కా కి కీ" అన్నాను. మైకులన్నీ తెరిపించాను. ఒక్కొక్కరి ఇంటర్నెట్ ఒక్కో వేగం కదా, ఒకడు 'కి' దగ్గరుంటే ఇంకొకతె 'కౌ' దగ్గర, వెనక ఎవరింట్లోనో మిక్సీ. చేపల మార్కెట్ నయం. కలిసి పాడటం, కలిసి వల్లించడం అనేవి ఈ పద్ధతిలో కుదరవు. ఒక్కరు మైకు తీసి అనాలి, మిగతావాళ్లు మ్యూట్‌లో గొంతు కలపాలి, వంతు మారుతుండాలి. ఇది నాకు నా మెంటర్ చెప్పింది.

రెండో వారం ఇంకా గొప్పది. కాగితం మీద పెద్ద అక్షరాలు రాసి కెమెరాకు చూపిస్తుంటే నా స్క్రీన్ మీద అవి తిరగబడి కనిపించాయి. మనకు మనం కనిపించే బొమ్మ అద్దంలోలా ఉంటుందనీ, అవతలివాళ్లకు సవ్యంగానే కనిపిస్తుందనీ నాకు తెలియదు. పిల్లలు పాపం అక్షరాలు తిరగేసి నేర్చుకుంటున్నారని కంగారుపడి డీటీపీ సెంటర్‌కి వెళ్లి అచ్చులు, హల్లులు మొత్తం 'మిర్రర్'లో ప్రింటు తీయించాను. ఆ కుర్రాడు "ఎందుకండీ, రబ్బరు స్టాంపులు చేయిస్తారా?" అని అడిగాడు. చేయించినా బాగుండేది. మర్నాడు ఆ చార్టు పట్టుకోగానే డాలస్‌లో ఉండే ఏడేళ్ల పాప "టీచర్, ఇది తెలుగేనా?" అంది. మెంటర్ ఆ పూట రిపోర్టులో ఒక్క వాక్యం రాసింది: "మేడమ్, చార్టు కోసం మీరు పడ్డ శ్రమ కనిపించింది." అంత మర్యాదగా తిట్టడం నాకు ఇప్పటికీ చేతకాదు.

ఇంకోటి. మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు. న్యూజెర్సీ పిల్లల శనివారం రాత్రి 8:30 క్లాసు అప్పటిదాకా మనకు ఆదివారం ఉదయం 7 గంటలు. ఆ మార్పు తర్వాత 6 గంటలవుతుంది. నేను కాఫీ తాగి తీరిగ్గా 7కి తెరిస్తే క్లాసు అయిపోయింది. నా బదులు మెంటరే పాఠం చెప్పేసింది. మీ విద్యార్థులు ఇక్కడివాళ్లే కాబట్టి మీకీ బాధ లేదు. ఎప్పుడైనా విదేశీ బ్యాచ్ ఇస్తే క్యాలెండరు మీద ఇప్పుడే రాసుకోండి. నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి జరుపుతారు.

ఇవన్నీ ప్రాక్టికమ్‌లో జరిగాయి కాబట్టి సరిపోయింది. ఫీజు కట్టిన తల్లిదండ్రుల ముందు, పక్కన మెంటర్ లేకుండా జరిగి ఉంటే నన్ను రెండోసారి పిలిచేవారు కాదు.

ఈ చూసి దిద్దే పద్ధతి మీకు కొత్తది కూడా కాదు. బీఈడీలో మైక్రో టీచింగ్ చేసే ఉంటారు. 6 నిమిషాలు చెప్పడం, 6 నిమిషాలు వినడం, 12 నిమిషాలు పాఠం సరిచేసుకోవడం, మళ్లీ 6 చెప్పడం, 6 వినడం, మొత్తం 36 నిమిషాలు. 1960ల్లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన ఈ పద్ధతి మన దగ్గరికి వచ్చేసరికి రికార్డు పుస్తకానికి బ్రౌన్ అట్ట వేసి సంతకాలు పెట్టించుకునే తంతు అయిపోయింది. నేనూ అలాగే సంతకాలు చేయించుకున్నదాన్నే, చేసినదాన్నే. అందులో అసలు విలువ రెండోసారి చెప్పే ఆ 6 నిమిషాల్లో ఉందని నాకు 60 దాటాక తెలిసింది. మీకు మిగిలిన రెండు క్లాసులూ ఆ రెండోసారే. అందుకే వాటిని వదలొద్దంటున్నాను.

ఒక పని చేయండి. తొమ్మిదో వారం క్లాసుకి కొత్త పాఠం కాకుండా, ఎనిమిదో వారం చెప్పినదే వేరే బ్యాచ్‌కి చెప్పే అవకాశం ఇస్తారేమో మెంటర్‌ను అడగండి. "ఈసారి ఒక్క విషయమే చూడండి, పిల్లల మాట ఎన్ని నిమిషాలో" అని ముందే చెప్పండి. 4 నిమిషాలు 9 అయినా చాలు, 20 చేయాలని పట్టుబట్టొద్దు.

రికార్డింగు చూసుకోవడానికి మనసొప్పదు, తెలుసు. మన గొంతు మనకే పరాయిగా వినిపిస్తుంది. మాట్లాడేటప్పుడు మన గొంతు గాలిలోంచే కాక పుర్రె ఎముకల్లోంచి కూడా చెవికి చేరి గంభీరంగా ఉంటుంది, రికార్డింగులో ఆ ఎముకల వాటా ఉండదు, అంతే. ఊళ్లోవాళ్లంతా ఇన్నాళ్లూ విన్నది ఆ రెండో గొంతునే. మొదటిసారి శబ్దం ఆపేసి బొమ్మ మాత్రమే చూడండి. మీరు కెమెరా వైపు చూస్తున్నారా, పక్కనున్న నోట్సు వైపా అనేది తేలిపోతుంది. రెండోసారి ఫోన్ బోర్లించి, బియ్యం ఏరుకుంటూ మాటలు మాత్రమే వినండి. ఇంకో జాగ్రత్త: అందులో పిల్లల మొహాలు, పేర్లు ఉంటాయి. మన 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఆ అనుమతి తీసుకున్నారో లేదో మీ సంస్థను అడగండి. మంచి క్లాసు వచ్చిందని మురిసిపోయి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి.

ఇక 1,500 పదాల ఇంగ్లీషు. ముందు తెలుగులో రాయడానికి అనుమతి అడగండి, లేదంటే కదా ఇంగ్లీషు. లేదన్నా సరే, మొదటి చిత్తుప్రతి తెలుగులోనే రాయండి. "బోధనలో సాంకేతికత పాత్ర అత్యంత కీలకమైనది" అని మొదలుపెట్టారో, అది ఎవరూ చదవరు, మీ మెంటర్ కూడా. నాకు రాసినట్టే రాయండి: "ఎనిమిదో వారం రిపోర్టు చూసి నాకు నిద్ర పట్టలేదు." అక్కడి నుంచి 31 ఎందుకు అయింది, తొమ్మిదో వారం ఎంతకు వచ్చింది, ఏ పిల్లవాడు మొదటిసారి మైకు తీశాడు, ఇవి రాస్తే 1,500 చాలవు.

అత్తయ్యగారి మందుల వేళ, క్లాసు వేళ ఒకటి కాకుండా చూసుకోండి. ఈ మాట మీరు అడగలేదు గానీ, నా తొమ్మిదో వారం క్లాసు మా అత్తగారి ఇన్సులిన్ కోసం మధ్యలో ఆగింది. మెంటర్‌కు ముందే చెప్పి ఉంటే ఆ పది నిమిషాలు ఆమె నడిపేది. సిగ్గుపడి చెప్పలేదు. మీరు చెప్పండి.

ప్రశ్న: నేను బీఈడీ పూర్తి చేశాను. ఇలాంటి ఆన్‌లైన్ టీచింగ్ ప్రాక్టికమ్ సర్టిఫికెట్ డీఎస్సీలో ఏమైనా పనికొస్తుందా? (కాకినాడ నుంచి ఒక సోదరుడు)

జవాబు: రాదు నాయనా. డీఎస్సీకి కావాల్సింది గుర్తింపు ఉన్న డీఈడీ లేదా బీఈడీ, టెట్. టెట్ ఒకసారి పాసైతే 2021 నుంచి జీవితకాలం చెల్లుతుంది కాబట్టి ముందు దాని సంగతి చూడు. 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లయి, అందులో 20 వారాలు బడిలో గడపాలని పెట్టారు. నువ్వు చేసిన ఆ ఇంటర్న్‌షిప్‌కి ఇది బదులు కాదు. ఆన్‌లైన్ ఉద్యోగమే కావాలనుకుంటే అప్పుడు చెయ్యి. "సర్టిఫికెట్ గ్యారంటీ, మూడు రోజుల్లో" అని డబ్బు అడిగేవాళ్ల దగ్గర మాత్రం చేయకు. నీ క్లాసు ఒక్కటైనా మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూసే మనిషి లేకపోతే అది ప్రాక్టికమ్ కాదు, రసీదు.

ప్రశ్న: మేడమ్, నేను బెంగళూరులో ఉంటాను. నాలుగేళ్లుగా ఆన్‌లైన్‌లో ఫిజిక్స్ చెబుతున్నాను. ఈ నెల నుంచి కొత్తగా చేరే ఇద్దరికి నన్ను మెంటర్‌గా వేశారు. వాళ్లిద్దరూ నాకంటే పెద్దవాళ్లు. క్లాసులో తప్పు కనిపిస్తే అప్పుడే చెప్పాలా, తర్వాత చెప్పాలా? నా కెమెరా ఆన్‌లో ఉండాలా?

జవాబు: పై ఉత్తరం మీరు చదివి ఉంటారు కాబట్టి అవతలివైపు ఎలా ఉంటుందో కొంత తెలిసింది.

కెమెరా ఆపండి, మైకు ఆపండి. కానీ మొదటి నిమిషంలో పిల్లలకు మీ పేరు చెప్పి, "నేను కూడా నేర్చుకోవడానికే వచ్చాను" అని ఒక్క మాట అని ఆ తర్వాత మాయమవండి. పేరు పక్కన 'మెంటర్' అని పెట్టుకున్నారంటే పిల్లలు టీచర్‌ను వదిలేసి మీ డబ్బానే చూస్తుంటారు.

క్లాసు మధ్యలో ప్రైవేటు చాట్ పంపకండి. చెబుతున్న మనిషి స్క్రీన్ మీద మూలన ఆ ఎర్ర చుక్క వెలగ్గానే నోట్లో మాట ఆగిపోతుంది. నాకు ఒకసారి అలా చాట్ వచ్చింది, తెరిచి చూస్తే "చాలా బాగుంది మేడమ్" అని ఉంది. ఆ మెచ్చుకోలుతో సంధి సూత్రం మర్చిపోయాను. మైకు మ్యూట్‌లో ఉండిపోతే, తప్పు జవాబును ఒప్పు అని పిల్లలకు చెబుతుంటే, ఈ రెండింటికి మాత్రం నోరు విప్పండి. ఫిజిక్స్‌లో రెండోది మరీ ముఖ్యం.

తర్వాత మాట్లాడేటప్పుడు ముందు వాళ్లనే అడగండి: "ఈ క్లాసులో మీకు ఎక్కడ ఇబ్బందనిపించింది?" మీరు రాసుకున్న వాటిలో సగం వాళ్లే చెప్పేస్తారు. వాళ్లు చెప్పుకుంటే దిద్దుబాటు, మీరు చెబితే తప్పుపట్టడం. మిగిలిన సగంలో రెండే చెప్పండి. పదహారు రాసుకున్నా సరే, రెండే. ప్రతిదానికీ సమయం రాయండి: "మొదట్లో కాస్త వేగం ఎక్కువైంది" అని కాకుండా "12వ నిమిషంలో ఘర్షణ నిర్వచనం నుంచి లెక్కకు ఒక్క ఉదాహరణ కూడా లేకుండా వెళ్లారు" అని. అప్పుడు వాళ్లు రికార్డింగులో ఆ 12వ నిమిషం తెరిచి చూసుకుంటారు, మీతో వాదించరు.

అంకెలు పంపేటప్పుడు మాత్రం ఒక్కసారి ఆలోచించండి. హన్మకొండ అమ్మాయికి ఆ 31 మేలే చేస్తుందని నా నమ్మకం. కానీ ఆ అంకె మెయిల్‌లో రాత్రిపూట ఒంటరిగా చేరింది. అదే ఫోన్ చేసి, "మేడమ్, నాక్కూడా మొదట్లో ఇలాగే ఉండేది, మీరు ఒకసారి లెక్కపెట్టి చూడండి" అని ఆమె చేతే లెక్కపెట్టించి ఉంటే నాకు ఈ ఉత్తరం వచ్చేది కాదు. పెద్దవాళ్లతో పని కాబట్టి రిపోర్టు పంపే ముందు ఫోన్ చేయండి. ఉదయం పది తర్వాత చేయండి, ఆ లోపల ఇంట్లో వంట, బాక్సులు.